సంగీత చికిత్స: శాస్త్రగ్రంథముల సాక్ష్యము, ఆధునిక వైద్య ప్రయోజనము

సంగీత చికిత్సను గురించి నేడు వెలువడుచున్న పెక్కు వ్యాసములలో ఒక పట్టిక కన్పట్టును. రక్తపోటుకు ఒక రాగము, మధుమేహమునకు వేరొకటి, నిద్రలేమికి మరియొకటి అని అందులో విభజన. చివర ‘ఇట్లు ప్రాచీన శాస్త్రములు చెప్పుచున్నవి’ అను వాక్యము తరచుగా నుండును. ఏ శాస్త్రము, ఏ అధ్యాయము అన్నది మాత్రము కానరాదు. సంస్కృతాంధ్రములు బోధించు మనకు ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. ఆ వాక్యమును నమ్మి మందు మానివేయు రోగి క్షేమము దానితో ముడిపడియున్నది.

గ్రంథములు చెప్పినది వేరు. చరకసంహిత సూత్రస్థానమున పదునైదవదగు ఉపకల్పనీయాధ్యాయము, శోధన చికిత్సకు ముందు ఆతురాలయమును ఎట్లు సిద్ధపరుపవలెనో వివరించును. అందు పరిచారకులతోపాటు గీతవాద్యములందును, కథాపురాణేతిహాసములందును నేర్పు గలవారిని నియమింపుమని ఆదేశము గలదు. వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానము పదమూడవ అధ్యాయమున పిత్తోపశమనమునకు వెన్నెలను, చల్లని గాలిని చెప్పుచు మనోహరమగు గీతమును వాటి సరసన చేర్చినాడు. ఈ రెండు చోట్లను రాగనామము లేదు. గీతము ఔషధమునకు తోడుగా నిలిచినదే కాని, దాని స్థానమును ఆక్రమింపలేదు.

సంగీతశాస్త్రము వైపు నుండి చూచినచో, పదుమూడవ శతాబ్దిన దేవగిరి యాదవ సింఘణుని ఆస్థానమునందలి శార్‌ఙ్గదేవుడు ముఖ్యుడు. సంగీతరత్నాకరము స్వరగతాధ్యాయమునందే పిండోత్పత్తి ప్రకరణముంచి, గర్భస్థ శిశువు మాసక్రమమున పెరుగుటను, ధాతువులను, చక్రములను వర్ణించినాడు. హృదయమున మంద్రము, కంఠమున మధ్యము, శిరస్సున తారము పుట్టునని, హృదయమందలి ఇరువదిరెండు నాడుల వలన ఇరువదిరెండు శ్రుతులు కలుగునని అతని మతము. ఈ గ్రంథమునకు మన రాచకొండ ప్రభువగు సింగభూపాలుడు సంగీతసుధాకరమను వ్యాఖ్య రచించినాడు. ఇందున్నది నాదమునకు శరీరము ఆశ్రయమను సిద్ధాంతము. అది చికిత్సావిధానము కాదు; అట్లని చెప్పుట మనము చేర్చిన అర్థము.

ముత్తుస్వామి దీక్షితులు శిష్యుడగు తంబియప్పన్ ఉదరశూల మాన్పుటకు అఠాణా రాగమున ‘బృహస్పతే’ కీర్తన రచించెనని ప్రతీతి. త్యాగరాజస్వామి బిలహరిలోని ‘నా జీవాధార’ కృతిచే మృతుని బ్రతికించెనని మరియొక ఐతిహ్యము. ఈ కథలలో ఫలితమిచ్చినది గ్రహస్తుతి, రామభక్తి. ఆధునికులు భక్తిని తొలగించి రాగమును మాత్రము మిగిల్చినారు. పైగా రాగనామములు స్థిరములు కావు. కర్ణాటక తోడి స్వరములు హిందుస్థానీ భైరవికి దగ్గర. హిందుస్థానీ తోడి మన శుభపంతువరాళికి సమీపము. పట్టికలో ‘తోడి’ అని యున్నచో రోగికి వినిపింపవలసినది ఏ తోడి?

పాశ్చాత్య దేశములలో సంగీత చికిత్స వృత్తివిద్యగా రూపొందుట రెండవ ప్రపంచయుద్ధ కాలము నాటిది. క్షతగాత్రులగు సైనికుల ఆసుపత్రులలో సంగీతకారులు పనిచేసిరి. 1944లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విద్యాసంస్థ పట్టా తరగతి ప్రారంభించినది. 1950లో అచట జాతీయ సంఘమేర్పడినది. మన వారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ పరిశోధనకై ఒక ట్రస్టును నెలకొల్పినారు.

నేటి వైద్యప్రమాణములు చరకుని పక్షమున నున్నవి. 2015లో లాన్సెట్ పత్రిక 73 పరీక్షలను సమీక్షించి, శస్త్రచికిత్స పొందినవారికి సంగీతము వలన నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడుక తగ్గినవని ప్రకటించినది. ఏ ఒక్క సంగీతమునకో ఆ గుణము నియతము కాలేదు. పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులకు స్థిరమగు తాళము నడకను చక్కదిద్దుటకు తోడ్పడును. సింగరేణి గనుల నడుమనున్న నస్పూరు వంటి ఊళ్లలోని వారికి మరియొక విషయము ఆసక్తికరము. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులున్నవారికి పాట పాడుట శ్వాసాభ్యాసముగా ఉపయోగపడునా అని పరీక్షలు జరిగినవి. అవి కొద్దిపాటివి, బొగ్గుధూళి వలన కలుగు వ్యాధిని గూర్చినవి కావు. కావున ఆశకు తావున్నదే కాని వాగ్దానమునకు లేదు.

అన్నింటికంటె మన భాషాపండితులకు సన్నిహితమైనది పక్షవాతమున మాట పడిపోయినవారి చికిత్స. మెదడు ఎడమభాగము దెబ్బతిని మాట రాని రోగి పాట పాడగలుగుట తరచుగా కన్పట్టును. 1973లో బోస్టను నగరమున ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనువారు దీనినే ఆధారముగా గొని, నిత్యావసర వాక్యములను రెండు స్వరములలో పలికించుచు, ఎడమచేతితో అక్షరమునకొక తట్టు తట్టించు పద్ధతిని ప్రకటించిరి. ఆంగ్లమున ఊనిక పడు అక్షరము హెచ్చు స్వరమున నుండును. తెలుగున అట్టి ఊనికకు ప్రాధాన్యము లేదు, హ్రస్వదీర్ఘములదే పెత్తనము. ‘నీళ్లు కావాలి’ అను వాక్యమున గురులఘువులు U I U U I. ఇందు ఏ గురువును హెచ్చింపవలెను, లఘువుపై తట్టు ఎంత కాలము నిలుపవలెను అన్నది వైద్యుడొక్కడే తేల్చగలిగినది కాదు. ఛందస్సు బోధించువారు, వాక్చికిత్సకులు ఒకచోట కూర్చుండి, ఆకలి, దప్పిక, నొప్పి, పిలుపు తెలుపు ఏబది తెలుగు వాక్యములనైన మాత్రాక్రమమున కూర్చి పరీక్షింపవలసియున్నది.