ఎల్లలు దాటిన గళం: నాజియా హసన్

1980లో 'ఖుర్బానీ' అనే హిందీ చలనచిత్రం విడుదలయింది. ఫిరోజ్ ఖాన్ ఆ చిత్రానికి నిర్మాత, దర్శకుడు, కథానాయకుడు కూడా. అందులోని పాటలకు బాణీలు కట్టినవారు అప్పటికే లబ్ధప్రతిష్ఠులైన కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ సోదరులు. కాని ఆ చిత్రం పేరు చెప్పగానే చాలామంది శ్రోతలకు మొదట స్ఫురించే పాట మాత్రం వారిది కాదు. 'ఆప్ జైసా కోయీ' అనే ఆ పాట పుట్టుక విచిత్రమైనది. దానిని రచించిన ఇందీవర్ ఝాన్సీ ప్రాంతానికి చెందిన కవి. బాణీ కట్టిన బిడ్డు బెంగుళూరులో పుట్టి పెరిగి, లండన్‌లో స్థిరపడిన సంగీతకారుడు. పాడిన నాజియా హసన్ కరాచీలో జన్మించిన విద్యార్థిని. చిత్రం విడుదలయ్యేనాటికి ఆమె వయస్సు 15 సంవత్సరాలు. తెరపై ఆ పాటకు అభినయించినది బొంబాయి తార జీనత్ అమాన్. ధ్వనిముద్రణ జరిగినది లండన్‌లో.

1965 నాటి యుద్ధం తరువాత పాకిస్తాన్‌లోని సినిమాహాళ్లలో భారతీయ చిత్రాల ప్రదర్శన నిలిచిపోయింది. 1971లో మరొక యుద్ధం జరిగింది. 'ఖుర్బానీ' విడుదలయిన నాటికి కూడా ఆ నిషేధం అమలులోనే ఉంది. అయినప్పటికీ సరిహద్దుకు ఇరువైపులా ఉన్న యువతీయువకులు ఆ పాటను తమదిగానే భావించి పాడుకున్నారు. ఇది యాదృచ్ఛికంగా జరిగినది కాదు. పలు సంప్రదాయాలు కలిసిన సంగీతం, కొత్త ధ్వనిముద్రణ పద్ధతి, ఇరు దేశాలకూ అర్థమయ్యే భాష, చేతిలో ఇమిడే క్యాసెట్టు - ఈ నాలుగూ ఒకే కాలంలో ఒకచోట కలియడం వల్ల అది సాధ్యమయింది.

బెంగుళూరు నుంచి లండన్‌కు

ఈ కథలో మొదట చెప్పవలసినది బిడ్డు గురించి. ఆయన పూర్తి పేరు బిడ్డు అప్పయ్య. 1945లో ఒక కొడగు కుటుంబంలో జన్మించారు. రేడియో సిలోన్ ప్రసారం చేసే ఆంగ్ల గీతాలు వింటూ పెరిగారు. మిత్రులతో కలిసి 'ట్రోజన్స్' అనే వాద్యబృందాన్ని నెలకొల్పి బెంగుళూరు, కలకత్తా, బొంబాయి నగరాలలో పాడారు. 1960ల చివరి భాగంలో ఇంగ్లండు చేరుకున్నారు. చేతిలో పెద్దగా ధనం లేదు, పరిచయస్థులు లేరు. చిన్నచిన్న ఉద్యోగాలు చేస్తూ, తీరిక దొరికినప్పుడు స్టూడియో అద్దెకు తీసుకుని రికార్డులు తయారుచేశారు.

1974లో ఆయన, జమైకాలో జన్మించిన కార్ల్ డగ్లస్ అనే గాయకునిచేత ఒక రికార్డు పాడించారు. ఆ రోజులలో చిన్న రికార్డుకు రెండు ముఖాలుండేవి. ప్రధానమైన పాట మొదటి ముఖం మీదా, అంతగా ముఖ్యం కానిది రెండవ ముఖం మీదా ఉండేవి. రెండవ ముఖాన్ని నింపడానికి స్టూడియోలో మిగిలిన కొద్దిపాటి సమయంలో తొందరగా ముద్రించిన పాట 'కుంగ్ ఫూ ఫైటింగ్'. విన్నవారు దానినే ప్రధానగీతంగా విడుదల చేయమన్నారు. అది సెప్టెంబరులో బ్రిటన్‌లోనూ, డిసెంబరులో అమెరికాలోనూ జనాదరణ పట్టికలో ప్రథమ స్థానాన్ని ఆక్రమించింది. 1976లో టీనా చార్లెస్ అనే గాయనిచేత ఆయన పాడించిన 'ఐ లవ్ టు లవ్' కూడా బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందింది. ఒక భారతీయుడు నిర్మించిన రికార్డులు పాశ్చాత్యదేశాల పట్టికలలో అగ్రభాగాన నిలవడం అంతకుముందు ఎరుగని సంగతి.

జనాదరణ పట్టికను గురించి ఇక్కడ కొంత వివరించడం అవసరం. బ్రిటన్, అమెరికాలలో రికార్డు దుకాణాల అమ్మకాలు, రేడియో ప్రసారాలు మొదలైన వివరాలను సేకరించి వారం వారం పాటలకు క్రమసంఖ్యలు ఇచ్చే పద్ధతి ఏనాటినుంచో ఉంది. మన దేశంలో అటువంటి అధికారికమైన పట్టిక ఆనాడు లేదు. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ప్రారంభించిన 'బినాకా గీత్‌మాలా' ఆ లోటును తీర్చింది. రికార్డుల అమ్మకాలనూ, శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ ఆధారంగా తీసుకుని ఆ కార్యక్రమం పాటలకు స్థానాలు నిర్ణయించేది. అయితే అందులో ప్రవేశం ఉన్నది సినిమా పాటలకే. దీనిని బట్టి ఆనాటి పరిస్థితి తెలుస్తుంది. సినిమా తోడులేకుండా ఒక పాట దేశమంతటా వ్యాపించడం దుర్లభం. తెలుగు శ్రోతలకు ఆకాశవాణి లలిత సంగీతం చిరపరిచితమే. అందులో ఉత్తమమైన గేయాలు ఎన్నో ఉన్నప్పటికీ వాటికి రికార్డుల విపణిలో సినిమా పాటకున్న స్థానం ఎన్నడూ లభించలేదు.

డిస్కో అంటే ఏమిటి?

1970లలో అమెరికా మహానగరాలలోని నృత్యశాలలలో, ప్రధానంగా నల్లజాతివారి, లాటిన్ అమెరికా సంతతివారి ఆదరణలో రూపొందిన సంగీతం డిస్కో. నిమిషానికి సుమారు 120 దెబ్బల వేగంతో, నాలుగు మాత్రల ఆవర్తంలో అది నడుస్తుంది. చతురశ్ర గతిలో సాగే భజన గీతాలకు అలవాటుపడిన చెవికి ఈ లెక్క కొత్తది కాదు. కొత్తదనమల్లా నాలుగు మాత్రల మీదా పెద్ద డ్రమ్ము సమానమైన బలంతో మోగడంలో ఉంది. దానికి తోడు బాస్ గిటార్ నిలకడగా సాగుతుంది. వయొలిన్ల బృందం, ఎలక్ట్రానిక్ వాద్యాలు పైన అల్లుకుంటాయి. నృత్యం చేసేవారు తాళం కోసం వెతకనక్కరలేదు. తాళమే వారిని నడిపిస్తుంది.

ధ్వనిముద్రణలో వచ్చిన మార్పు కూడా గమనింపదగినది. బొంబాయి, మద్రాసు స్టూడియోలలో ఆనాటి ఆచారం ప్రకారం వాద్యబృందమూ, గాయకులూ ఒకేసారి సమావేశమై పాటను మొదటినుంచి చివరివరకూ పాడి ముద్రించేవారు. ఎవరు తప్పినా అందరూ మళ్లీ ఆరంభించవలసిందే. లండన్‌లో అప్పటికే ఒకే టేపు మీద 24 వేర్వేరు జాడలుగా శబ్దాన్ని ముద్రించే సాధనాలు వ్యాప్తిలోకి వచ్చాయి. డ్రమ్ములు ఒకనాడు, వయొలిన్లు మరొకనాడు, గాత్రం వేరొకనాడు ముద్రించి, తరువాత ఒక్కొక్కదాని స్థాయినీ హెచ్చించి తగ్గించి కలపవచ్చు. బిడ్డు ఈ సౌకర్యాన్ని బాగా వినియోగించుకున్నారు. నాజియా గళాన్నే మరల ముద్రించి మొదటిదానితో జోడించడంవల్ల ఆ లేతగొంతుకు ఒక విశిష్టమైన నిండుదనం సమకూరింది.

కరాచీ బాలిక

నాజియా 1965 ఏప్రిల్ 3న జన్మించారు. ఆమె బాల్యం కరాచీ, లండన్ నగరాల మధ్య గడిచింది. పాకిస్తాన్ టెలివిజన్‌లో సోహైల్ రాణా నిర్వహించిన పిల్లల సంగీత కార్యక్రమాలలో ఆమె పాల్గొన్నారు. లండన్‌లో ఒక విందు సందర్భంగా ఫిరోజ్ ఖాన్ ఆమెను కలుసుకుని, బిడ్డు వద్ద గాత్రపరీక్షకు పంపారు.

హిందీ సినిమా సంగీతంలో అప్పటివరకూ ఆదర్శంగా ఉన్నది తారస్థాయిలో తేలికగా సంచరించే, గమకాలతో పరిణతి చెందిన స్త్రీ గళం. నాజియా గొంతు అటువంటిది కాదు. అది సూటిగా, అలంకారం లేకుండా, కొంచెం ముక్కుతో పలికినట్లుగా ఉంటుంది. శాస్త్రీయ దృష్టితో చూస్తే దానిని లోపమని అనవచ్చు. కాని డ్రమ్ముల నియతమైన దెబ్బలమీద దీర్ఘమైన గమకం నిలవదు. సూటి గళమే నిలుస్తుంది. పాశ్చాత్యమైనది తాళం, పదాలూ, వాటి ఒదుగూ మాత్రం ఈ ఉపఖండానివి. ఇందీవర్ ఎన్నుకున్న మాటలు లక్నో వీధిలోనూ, లాహోరు వీధిలోనూ నిఘంటువు అవసరం లేకుండా అర్థమయ్యేవి. ఒకరు దానిని హిందీ అన్నారు. మరొకరు ఉర్దూ అన్నారు. పాట మాత్రం ఒక్కటే.

1981లో నాజియాకు ఆ పాటకుగాను ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిలింఫేర్ పురస్కారం లభించింది. ఈ పురస్కారం పొందిన పాకిస్తానీయులలో ఆమె ప్రథమురాలు. రెండు దేశాల ప్రభుత్వాల మధ్య సంబంధాలు ఎలా ఉన్నప్పటికీ, బొంబాయి చలనచిత్ర ప్రపంచం పొరుగుదేశపు బాలిక ప్రతిభను గుర్తించడానికి వెనుకాడలేదు.

సినిమా లేని పాటల విజయం

అదే సంవత్సరం 'డిస్కో దీవానే' అనే గీతసంపుటి వెలువడింది. అందులో నాజియాతోపాటు ఆమె తమ్ముడు జోహెబ్ కూడా పాడారు. దానికి వెనుక ఏ చలనచిత్రమూ లేదు. తెర మీద అభినయించే తారలు లేరు. కేవలం పాటలే ఆధారం. అయినా అది భారత, పాకిస్తాన్‌లు రెండింటిలోనూ అపూర్వమైన ఆదరణ పొందింది. బ్రెజిల్ వంటి దూరదేశపు జనాదరణ పట్టికలలో సైతం చోటు సంపాదించింది.

ఈ విజయంలో క్యాసెట్టు పాత్ర ఎంతో ఉంది. లాంగ్ ప్లే రికార్డు ఖరీదైనది. దానిని వినిపించే యంత్రం అంతకంటె ఖరీదైనది. 1980ల ఆరంభంలో క్యాసెట్టులు, వాటిని వినిపించే చిన్న యంత్రాలు మధ్యతరగతి ఇళ్లలోకీ, బస్సులలోకీ, టీ దుకాణాలలోకీ వచ్చాయి. గల్ఫ్ దేశాలలో పనిచేసి తిరిగివచ్చేవారు టేపు రికార్డర్లు వెంట తెచ్చుకునేవారు. చిత్రాలకు అనుమతి లేనిచోటికి కూడా క్యాసెట్టు చేరుకోగలిగింది. అయితే దీనికి మరొక పార్శ్వం ఉంది. ఒక క్యాసెట్టునుంచి వేరొక క్యాసెట్టుకు పాటను ఎక్కించడం అతి సులభం. అట్టి దొంగప్రతులు పాటను దూరతీరాలకు చేర్చాయి. కాని దాని ప్రతిఫలాన్ని కళాకారులకు చేర్చలేదు.

1982లో బిడ్డు సంగీతంతో 'స్టార్' చిత్రం వచ్చింది. చిత్రం విఫలమయినా నాజియా పాడిన 'బూమ్ బూమ్' నిలిచింది. 1984లో 'యంగ్ తరంగ్', 1987లో 'హాట్‌లైన్', 1992లో 'కెమెరా కెమెరా' సంపుటులు వెలువడ్డాయి. ఆనాడు పాకిస్తాన్‌లో సైనిక ప్రభుత్వం పాలిస్తున్నది. యువతీయువకులు కలిసి పాడడం, నర్తించడం టెలివిజన్‌లో సులభంగా అనుమతి పొందే విషయాలు కావు. ఆ పరిస్థితులలో ఒక అక్కా తమ్ముడూ కలిసి పాడిన ఈ పాటలు తరువాతి తరానికి బాట వేశాయి. 1987లో 'వైటల్ సైన్స్' బృందం ప్రసిద్ధిలోకి రావడం, 1989లో నాజియా, జోహెబ్‌లే సమర్పకులుగా 'మ్యూజిక్ 89' ప్రసారం కావడం ఆ బాటలోని మజిలీలు. మన దేశంలో 1995లో అలీషా చినాయ్ పాడిన 'మేడ్ ఇన్ ఇండియా' సినిమాతో నిమిత్తం లేకుండా ఘనవిజయం సాధించింది. దానికి కూడా బాణీ కట్టినది బిడ్డు.

విమర్శలో సత్యమెంత?

ఈ సంగీతాన్ని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఇది పాశ్చాత్యుల అనుకరణ అనీ, దేశీయ సంగీతానికి ముప్పు తెస్తుందనీ కొందరు అన్నారు. 'డిస్కో దీవానే' విజయం చూచి చలనచిత్రాలలో తామరతంపరగా వచ్చిన పాటలలో ఎన్నో కేవలం అనుకరణలే అన్నది నిజం. కాని మూలాన్ని అనుకరణలతో కలిపి తూచడం న్యాయం కాదు. హార్మోనియం ఐరోపా నుంచి వచ్చింది. వయొలిన్ కూడా అక్కడినుంచే వచ్చి కర్ణాటక సంగీత సభలో అనివార్యమైన పక్కవాద్యమయింది. వచ్చిన వాద్యం ఎక్కడిదన్నది కాదు ప్రశ్న. దానితో మనం పలికించుకున్నది ఏమిటన్నదే ప్రశ్న. అమెరికా నల్లజాతివారి లయ, బెంగుళూరు యువకుని కల్పన, ఝాన్సీ కవి పదాలు, కరాచీ బాలిక గళం - ఇవి ఒకదానినొకటి మింగివేయక కలిసినందువల్లనే ఆ పాట ఎవరికీ పరాయిది కాలేదు.

చదువూ సేవా

కీర్తి శిఖరాన ఉన్నప్పుడు కూడా నాజియా చదువును విడువలేదు. లండన్‌లో ఉన్నతవిద్య అభ్యసించి న్యాయశాస్త్రంలో పట్టం పొందారు. ఐక్యరాజ్యసమితిలో పనిచేశారు. మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా యువతను మేల్కొల్పే కృషిలో పాలుపంచుకున్నారు. 'కెమెరా కెమెరా' విడుదలకూ ఆ ఉద్యమానికీ సంబంధం ఉంది. ఆ సంపుటి తరువాత ఆమె గానరంగం నుంచి తప్పుకున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయస్సు 35 సంవత్సరాలు. 2002లో పాకిస్తాన్ ప్రభుత్వం మరణానంతరం ఆమెను 'ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' పురస్కారంతో గౌరవించింది.

2012లో 'స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్' చిత్రంలో 'డిస్కో దీవానే' కొత్త రూపంలో వినిపించింది. 2022లో 'యాన్ యాక్షన్ హీరో' చిత్రం 'ఆప్ జైసా కోయీ'ని మళ్లీ వినిపింపజేసింది. ఆ పాటలకు చిందులు వేసిన యువతలో అనేకులు నాజియా మరణించిన తరువాత పుట్టినవారు. గాయని ఏ దేశస్థురాలో వారిలో చాలామందికి తెలియకపోవచ్చు. పాట మాత్రం వారికి తెలుసు. దానిని తమ పాటగానే వారు ఎరుగుదురు.