గుణకారమును కూడికగా మార్చిన విద్య

నల్లగొండ జిల్లా నందికొండ వద్ద కృష్ణానదికి అడ్డముగా నాగార్జునసాగర్ ఆనకట్ట నిలిచియున్నది. దీనికి 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. 124 మీటర్ల ఎత్తుగల ఈ రాతి కట్టడమునకు ఎన్ని లెక్కలు కావలసివచ్చెనో ఊహింపుడు! ఆ కాలపు ఇంజనీర్లకు సంవర్గమాన పట్టికలును, ఆ సూత్రముపైననే పనిచేయు స్లైడు రూలును తోడ్పడుచుండెడివి.

సంవర్గమానమనగా నేమి? రెండు పదులను హెచ్చింపగా 100 వచ్చును. మూడు పదులను హెచ్చింపగా 1000 వచ్చును. కనుక 10 ఆధారముగా 100 యొక్క సంవర్గమానము 2. 1000 యొక్క సంవర్గమానము 3. దీనినే క్లుప్తముగా ‘లాగ్’ అందురు. 100ను 1000తో హెచ్చించినచో ఐదు పదుల లబ్ధమగు లక్ష వచ్చును. 2, 3 కలిసి 5 అయినవి. గుణకారము కూడికగా మారినది! అట్లే భాగహారము తీసివేత యగును, ఘాతము గుణకారమగును.

మన దేశమున తొమ్మిదవ శతాబ్దమున వీరసేనుడను జైన పండితుడు, ఒక సంఖ్యను ఎన్నిమారులు సగము చేయవచ్చునో ‘అర్ధచ్ఛేదము’ అను పేర చర్చించెను. అది 2 ఆధారముగాగల సంవర్గమానమే. స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియర్ 1614లో సంవర్గమాన పట్టికలను ప్రకటించెను. పిమ్మట హెన్రీ బ్రిగ్స్ 10 ఆధారముగా పట్టికలు కూర్చెను.

ఇపుడొక లెక్క చేయుదము. ఒక ఊరిలో పొడవు, వెడల్పు, లోతు ఐదేసి మీటర్లుగల నీటితొట్లు ఎనిమిది కలవనుకొనుడు. ట్యాంకరు ఒక్కొక్కమారు 10 ఘనమీటర్ల నీరు తెచ్చును. తొట్లన్నియు నిండుటకు అది ఎన్నిమారులు రావలయును? ఆ సంఖ్య యొక్క సంవర్గమానము:

3 లాగ్ 5 + లాగ్ 8 − లాగ్ 10

మొదట గుణకమును ఘాతముగా మార్చవలయును: 3 లాగ్ 5 అనగా లాగ్ 125. పిదప కూడికకు బదులు సంఖ్యలను హెచ్చింపగా లాగ్ 1000 అగును. తుదకు తీసివేతకు బదులు భాగింపగా లాగ్ 100 మిగులును. కనుక ట్యాంకరు 100 మారులు రావలయును.

ఒక్క హెచ్చరిక. ఆధారము ఒక్కటియైననే ఇట్లు కలుపవచ్చును. మరియు లాగ్ 2 + లాగ్ 5 అనగా లాగ్ 7 కాదు, లాగ్ 10. పట్టిక చూడుడు: 0.3010, 0.6990 కలిసి సరిగా 1 అగును. లాగ్ 7 విలువ 0.8451 మాత్రమే.

నేడు గణనయంత్రము ఈ పనిని రెప్పపాటున చేయును. కాని ఏ సంఖ్యను దేనితో హెచ్చింపవలయునో నిర్ణయించువాడు మనుష్యుడే. పదింటికి బదులు ఏడని లెక్కించినచో ఏ కట్టడము నిలుచును?