చల్లదనం ఖరీదు

గ్రాఫిక్స్ కార్డును చల్లబరచడానికి గాలి చాలునా, ద్రవం కావలెనా? ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ దుకాణాలలో వినవచ్చే ఈ వాదం నేడు ప్రభుత్వ విధానానికీ సంబంధించినదే.

2014లో ఎ.ఎం.డి. ద్రవశీతలీకరణతో విడుదల చేసిన కార్డుకు 500 వాట్లు కావలసివచ్చింది. 2025 నాటి ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 5090కు 575. ద్రవం చిప్ వేగాన్ని స్వయంగా పెంచదు. వేడెక్కి వేగం తగ్గకుండా కాపాడుతుంది, అంతే. వేడి నశించదు, చోటు మారుతుంది. మే నెలలో గది గాలే 40 డిగ్రీలుంటే, ఆ గాలికి వేడిని వదిలే ద్రవం అంతకన్న చల్లబడజాలదు.

2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 10,372 కోట్ల రూపాయల కృత్రిమ మేధా పథకం 10,000కు పైగా జి.పి.యు.లను లక్ష్యంగా పెట్టుకున్నది. ఇటువంటి 72 చిప్‌లను ఒకే బీరువాలో పేర్చే ఎన్విడియా యంత్రానికి ద్రవశీతలీకరణ అనివార్యం. విద్యుత్తు సుమారు 120 కిలోవాట్లు. మూసిన గొట్టాలలోని ద్రవం తరగదు. కాని ఆ వేడిని వెలికి పంపడానికి శీతలీకరణ గోపురాలు వాడితే, అవి నీటిని ఆవిరి చేస్తాయి.

కార్డుల సంఖ్యను ఘనంగా చాటే పాలకులు నీటి లెక్కనూ, విద్యుత్తు లెక్కనూ పార్లమెంటు ముందుంచాలి. వేసవిలో ట్యాంకరు కోసం ప్రజలు బిందెలతో బారులు తీరే ఈ రాజధానిలో అది గొంతెమ్మ కోరిక కాదు.