కాలాపానీ చూడ్డానికి వెళ్తున్నారా? టికెట్ కొనేముందు ఇది చదవండి

పట్టిసీమ రేవులో నిలబడితే ఎదురుగా గోదావరి, మధ్యలో వీరభద్రస్వామి గుడి ఉన్న లంక, ఎగువన పాపికొండలు. అవతలి ఒడ్డు దాటి లోపలికి పోతే రంప మన్యం మొదలవుతుంది. ఈ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలు నాలుగైదు ఈ చలికాలంలో అండమాన్ వెళ్లి సెల్యులార్ జైలు చూడాలని డబ్బులు పోగేస్తున్నాయి. వాళ్లు అడిగినవి మూడు ప్రశ్నలు. ఎలా వెళ్లాలి, ఎంతవుతుంది, ఆ జైల్లో మనవాళ్లు ఎవరెవరు ఉన్నారు? మూడోదానికి జవాబు తెలిస్తేనే మొదటి రెండూ సరిగ్గా కుదురుతాయి, అందుకే దానితోనే మొదలుపెడతాను.

వాట్సాప్‌లో తరచూ తిరిగే ఒక ఫార్వర్డ్ మీరూ చూసే ఉంటారు. అల్లామా ఫజలే హక్ ఖైరాబాదీని సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టారని, కింద జైలు ఫోటో కూడా ఉంటుంది. ఆయన్ని అండమాన్‌కు పంపింది నిజం, అక్కడే చనిపోయిందీ నిజం. కానీ ఆయన వఫాత్ అయింది 1861లో. సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అంటే ఆ గోడలు లేవడానికి ముప్పై అయిదేళ్ల ముందే ఆయన లేరు. మన హైదరాబాద్ మౌల్వీ అలాఉద్దీన్ సంగతీ అంతే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి నడిపించిన ఆయన్ని 1859లో అండమాన్‌కు పంపేశారు. ఆయన బతికింది, పోయింది ఆ దీవుల్లోనే. ఈ భవనం మాత్రం ఆయన చూడలేదు.

అప్పట్లో జైలంటే గదులు కాదు, దీవే జైలు. చుట్టూ సముద్రం, పారిపోతే ఎక్కడికి పోతారు? ఖైదీలతో అడవులు నరికించేవాళ్లు. వైపర్ దీవిలో గొలుసులు వేసి ఉంచే జైలు, ఉరికంబం ఉండేవి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీ ఆఫ్రిదీని మార్చి 11న ఉరితీసింది ఆ వైపర్ దీవిలోనే. కాబట్టి 1857 నాటివాళ్ల జాడ వెతకాలనుకుంటే జైలొక్కటే చూసి వస్తే సరిపోదు. పోర్ట్‌బ్లెయిర్‌లో సౌత్ పాయింట్ దగ్గర ఖైరాబాదీ మజార్ ఉంది, దానికి ఒక పూట పెట్టుకోండి. వైపర్‌కు పడవలు ఎప్పుడూ నడవవు. వెళ్లాక జెట్టీ దగ్గర అడగండి, ముందే ఏజెంట్‌కు డబ్బు కట్టెయ్యకండి.

మరి సెల్యులార్ జైలు ఎవరిది? 1906 తర్వాత వచ్చిన వాళ్లది. మన గోదావరి వైపు నుంచే చూస్తే కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి ఉన్నారు. మన్యం నుంచి అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరిని 1924 తర్వాత అండమాన్ పంపారు. వాళ్లలో గాం మల్లుదొర తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. దానికి ముందు 1879 నాటి రంప పితూరీలో పట్టుబడిన కొండవాళ్లను కూడా ఆ దీవులకే చేర్చారు. పట్టిసీమ రేవు నుంచి కనిపించే ఆ కొండలకూ అండమాన్‌కూ ఉన్న లెక్క ఇది. పిల్లల్ని తీసుకెళ్తుంటే బయలుదేరే ముందే చెప్పండి. అక్కడ గైడ్లు బెంగాల్, పంజాబ్, మహారాష్ట్ర పేర్లే ఎక్కువ చెప్తారు, మన వైపువి మనమే గుర్తుపెట్టుకోవాలి.

జైల్లో ఏం చూడాలి? మధ్యలో కాపలా గోపురం, దాని నుంచి సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు వరుసల భవనాలు, మూడేసి అంతస్తులు. ఒక వరుస ముందు భాగం పక్క వరుస వెనక గోడకు ఎదురుగా ఉంటుంది. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడకూడదని అలా కట్టారు. 690కి పైగా గదులు, ఒక్కో గదిలో ఒక్కడే. ఈ ‘సెల్’ల వల్లే ఆ పేరు. గాలి కోసం మనిషి ఎత్తుకు అందని చోట ఒక చిన్న కిటికీ. పని ఏంటంటే గానుగ. ఎద్దు బదులు మనిషిని కట్టి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమనేవాళ్లు, అంటే పదమూడు కిలోల పైచిలుకు. తీయకపోతే కొరడా. 1933లో నిరాహారదీక్ష చేసిన వాళ్లకు గొట్టంతో బలవంతంగా పాలు పోస్తే ముగ్గురు చనిపోయారు: మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా. 1937లో మళ్లీ దీక్ష జరిగాక, గాంధీజీ, టాగూర్ కలగజేసుకున్నాక రాజకీయ ఖైదీలను వెనక్కి పంపడం మొదలైంది, 1938కి అయిపోయింది.

ఏడు వరుసల్లో ఇప్పుడు మిగిలింది మూడే. భూకంపం, జపాన్ ఆక్రమణ, తర్వాత కూల్చివేతలు. ఆ ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి పెట్టారు. మిగిలిన దాన్ని 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ జాతీయ స్మారకంగా ప్రకటించారు. గోపురం లోపల రాతి పలకల మీద ప్రాంతాలవారీగా ఖైదీల పేర్లు చెక్కారు. హడావుడిగా సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా అక్కడ ఒక పావుగంట ఉండి మద్రాసు ప్రెసిడెన్సీ పేర్లు చదవండి. మన ఆంధ్ర అప్పుడు అందులోనే.

ఇప్పుడు ప్రయాణం. పట్టిసీమ నుంచి కొవ్వూరు గానీ రాజమండ్రి గానీ వచ్చి రైలెక్కాలి. అక్కడి నుంచి దారులు రెండు. ఒకటి వైజాగ్ నుంచి ఓడ, రెండోది చెన్నైకో హైదరాబాద్‌కో పోయి విమానం. ఓడ చౌక అని అందరూ అంటారు. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి లెక్క ఇలా వేస్తాను. వైజాగ్ నుంచి ఓడ నెలకు దాదాపు ఒకసారి నడుస్తుంది, ప్రయాణం దాదాపు రెండున్నర రోజులు. రానూపోనూ అయిదు రోజులు సముద్రంలోనే పోతాయి. కిరాణా షాపో మెకానిక్ షెడ్డో నడిపేవాళ్లకు ఆ అయిదు రోజుల సంపాదన కూడా టికెట్ ధరలో కలపాలి కదా. పైగా తిరుగు ఓడ మనకు కావాల్సిన రోజున ఉండదు, దాని కోసం లాడ్జిలో రోజులు లెక్కపెట్టాలి. అన్నీ కలిపితే తేడా అనుకున్నంత ఉండదు. ఓడ అనుభవం కావాలనుకుంటే పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. బంక్ క్లాసులో పెద్దవాళ్లకు కష్టం. అమ్మీ అబ్బాలను తీసుకెళ్తుంటే క్యాబిన్ తీసుకోండి, లేదా రెండు వైపులా విమానమే మేలు. వాంతుల మాత్రలు తప్పనిసరి.

పేరు గురించి ఒక మాట. పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ మీద ఏ పేరున్నా ఊరు ఒకటే. మన దేశ పౌరులకు అక్కడికి వెళ్లడానికి పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. పిల్లలవి కూడా పెట్టుకోండి. జరావా వంటి ఆదివాసీ తెగల ప్రాంతాల్లోకి మాత్రం వెళ్లకూడదు, ఫోటోలు తీసినా కేసే.

నెలల్లో డిసెంబరు నుంచి మార్చి దాకా హాయి. దసరా సెలవులంటే తుఫాన్ల కాలం, ఓడలు ఆగిపోతే మొత్తం ప్లాన్ పోతుంది. సంక్రాంతికి వాతావరణం బాగుంటుంది గానీ విమానం ధరలు మండిపోతాయి, రెండు మూడు నెలల ముందే కొనాలి. జైలు మామూలుగా సోమవారాలు, జాతీయ సెలవు రోజుల్లో మూసి ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికీ మూస్తారు. అందుకని ఆదివారం సాయంత్రం దిగి మంగళవారం పొద్దున వెళ్లిపోయే ప్యాకేజీ ఎవరైనా అమ్మితే కొనకండి. జైలు చూడకుండానే తిరిగొస్తారు.

సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది, టికెట్ వేరు, ముందే తీసుకోవాలి. హిందీ షో మన పెద్దవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఆవరణలోని రావిచెట్టు కథ చెప్తున్నట్టు ఉండే ఆ గొంతు నటుడు ఓం పురిది. ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం అదే. డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. రాజమండ్రి టైమ్‌టేబుల్ పట్టుకుని ఉంటే మగ్రిబ్ పోయినట్టే. జామా మసీదు అబర్డీన్ బజార్లోనే ఉంది, నమాజ్ చేసుకుని షోకు నడిచి వెళ్లొచ్చు. ఫజర్ కూడా బాగా ముందే, అలారం మార్చుకోండి.

తిండికి భయం లేదు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత పంపిన మాపిళ్ల ఖైదీల పిల్లలూ మనవలూ అక్కడే స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లకు కాలికట్, తిరూర్, మన్నార్‌ఘాట్ అనే పేర్లే ఉన్నాయి. హలాల్ హోటల్ కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. భాషకూ భయం లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్‌లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష, వాళ్లలో ఎక్కువ మంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్లు. ఆటో డ్రైవర్‌తో తెలుగులోనే బేరమాడొచ్చు. తగ్గిస్తాడని గ్యారంటీ ఇవ్వలేను.

పెద్దవాళ్లకు మెట్లు ఇబ్బంది. జైల్లో కింది అంతస్తు గదులు, గానుగ, ఉరి గది చూస్తే చాలావరకు చూసినట్టే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పైకి లాగకండి. తిరుగు ప్రయాణం హైదరాబాద్ మీదుగా అయితే కోఠీ బస్టాండ్ పక్కన తుర్రెబాజ్ ఖాన్ పేరుతో ఉన్న చిన్న స్తూపం దగ్గర ఆగండి. చుట్టూ బండ్లు, జనం, వెతికితే గానీ కనపడదు. అలాఉద్దీన్ అండమాన్ ప్రయాణం మొదలైంది అక్కడి నుంచే.