ఎకరం అమ్మేముందు ఒక్క నిమిషం!

"వదినా, మా పిల్ల నీట్‌లో క్వాలిఫై అయిందంట! ఇంక డాక్టరు అయినట్టేగా?"

2025 జూన్‌లో ఈపూరు వెళ్లినప్పుడు, కాళ్లు కడుక్కుని మంచంమీద కూచోకముందే నాకెదురైన ప్రశ్న ఇది. అడిగినావిడా నేనూ వరసకి ఒకరికొకరం వదినలమే. ఫలితాలొచ్చి వారమైంది. అమ్మాయికి 720కి 280 చిల్లర మార్కులొచ్చాయి. వీధిలో చక్కెర కూడా పంచేశారు. ఈలోగా ఎవరో ఏజెంటట, ఫోన్లో దిగబడ్డాడు. "మేనేజిమెంటు సీటు నేనిప్పిస్తా, ముందు అయిదు లక్షలు అడ్వాన్సు పంపండి" అన్నాడట. ఇంటాయన ఆ మాట పట్టుకుని కాలవకింద ఎకరం బేరం పెట్టేశాడు.

వదిన గొంతు తగ్గించింది. "ఉన్నయ్యే మూడెకరాలు. వెనక పిల్లాడున్నాడు. అట్టాగని ఆడపిల్లకి సీటొచ్చినా పంపలేదన్న మాట నాకొద్దు. నువ్వు చదువుకున్నదానివి, కాస్త లెక్క చెప్పు వదినా."

ఆ సాయంత్రం అరుగుమీద కూచుని చెప్పిన లెక్కే ఇది. ఇంట్లో బైపీసీ చదివే పిల్ల ఉన్న ప్రతి తల్లికీ పనికొస్తుందని రాస్తున్నాను.

క్వాలిఫై అంటే సీటు కాదు

ముందు ఈ ఒక్క ముడి విప్పుకోవాలి. నీట్ రాసినవాళ్లలో సగంమందికి పైగా క్వాలిఫై అవుతారు. 2025లో 22 లక్షల పైచిలుకు మంది రాస్తే 12 లక్షల పైచిలుకు మందికి అర్హత వచ్చింది. దేశం మొత్తంమీద ఎంబీబీఎస్ సీట్లు లక్షను కాస్త దాటి ఉన్నాయి. అంటే క్వాలిఫై అయినవాళ్లలో పదిమందికి ఒక్కటి! ఆ ఏడాది జనరల్‌కి 144, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 113 మార్కులొస్తే చాలు, అర్హత వచ్చేసినట్టే. అది కౌన్సిలింగ్ గడప దాటనిచ్చే చీటీ మాత్రమే. లోపల విస్తరి ఎవరికి వేస్తారన్నది ర్యాంకును బట్టి, కోటాను బట్టి ఉంటుంది.

280 మార్కులకి ప్రభుత్వ కాలేజీలో సీటు ఆశించడం కష్టం. ఈ మాట అమ్మాయి ముందే చెప్పాను. పాపం, దాని మొహం చిన్నబోయింది. కానీ ఎకరం పోయాక తెలిసేకంటే ముందే తెలియడం నయం కదా!

ఎవరు రాయొచ్చు?

ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. సైన్సు సబ్జెక్టులు మూడింటిలో కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. చేరే ఏడాది డిసెంబరు 31కి పదిహేడేళ్లు నిండాలి. పైన వయసు హద్దు లేదు, 2022లో తీసేశారు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. పెళ్లయి ఆగిపోయిన అమ్మాయిలు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. ఎంపీసీ చదివి మనసు మార్చుకున్నవాళ్లకీ దారుంది. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు పొందిన బోర్డులో రాసి పాసైనా చాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది.

ఎంసెట్ రోజులు వేరు. మెడిసిన్‌కి మన రాష్ట్రంలో 2016 దాకా ఎంసెట్ ర్యాంకే ఆధారం. 2017 నుంచి నీట్ తప్ప వేరే దారి లేదు. డెంటల్‌కీ ఇదే, తర్వాత ఆయుర్వేదం, హోమియోలకీ ఇదే అయింది. విదేశాల్లో మెడిసిన్ చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలన్నా ముందు నీట్‌లో అర్హత ఉండాల్సిందే. 2025లో పరీక్ష మూడు గంటలు, 180 ప్రశ్నలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ప్రశ్నపత్రం తెలుగులో కూడా దొరుకుతుంది. తెలుగు మీడియం పిల్లలు దరఖాస్తులోనే ఆ భాష ఎంచుకోవాలి, తర్వాత మార్చుకుంటామంటే కుదరదు.

దరఖాస్తు ఖర్చు: ఓ క్వింటా మిర్చి!

వదినకి రూపాయల్లో చెబితే తలకెక్కలేదుగానీ మిర్చిలో చెబితే ఇట్టే పట్టేసింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం మన రాష్ట్ర మిర్చికి క్వింటాకి 11,781 రూపాయల మద్దతు ప్రకటించిన సంగతి ఈపూరులో ఎవర్నడిగినా చెబుతారు. ఆ కొలతతోనే చూద్దాం.

నీట్ ఫీజు 2025లో జనరల్‌కి 1,700, బీసీలకీ ఆర్థికంగా వెనుకబడిన ఓసీలకీ 1,600, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 1,000 రూపాయలు. ఫలితాలొచ్చాక విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కన్వీనర్ కోటా దరఖాస్తు వేరుగా పెట్టాలి. నీట్ రాస్తే చాలు, పేరు దానంతటదే అక్కడికి చేరుతుందని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు! చేరదు. 2023 నోటిఫికేషన్‌లో ఆ రుసుం ఓసీ, బీసీలకు 2,950, ఎస్సీ, ఎస్టీలకు 2,360. ప్రతి రాష్ట్రంలోని ప్రభుత్వ సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకి పోతాయి. వాటికి ఢిల్లీ కమిటీ దగ్గర మరో రిజిస్ట్రేషన్. జనరల్‌కి వెయ్యి, మిగతావారికి అయిదొందలు. దానిపైన డిపాజిట్ పదివేలు, రిజర్వేషన్ ఉన్నవారికి అయిదువేలు. ఈ డిపాజిట్ తిరిగొస్తుంది. రెండో విడత నుంచి సీటిచ్చాక చేరకపోతే మాత్రం పోతుంది.

వదినవాళ్లు బీసీలు. అన్నీ కూడితే 10,050 రూపాయలు, అందులో అయిదువేలు వెనక్కొచ్చే సొమ్ము. "ఓసింతేనా! క్వింటా మిరపకాయలు కూడా కాదే" అంది. అవును, అంతే. ఫోటోలు, సర్టిఫికెట్లు, గుంటూరు చార్జీలు పైన.

మరి పొలాలెందుకు అమ్ముకుంటున్నారు?

అది సీటు ధర సంగతి. ప్రైవేటు కాలేజీలో ఒకే గది, ఒకే పాఠం, పక్కపక్కన కూచున్న ముగ్గురు పిల్లల ఫీజు మూడు రకాలు. సగం సీట్లు కన్వీనర్ కోటా, 35 శాతం మేనేజిమెంట్, 15 శాతం ఎన్నారై. 2020లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కన్వీనర్ సీటుకి ఏడాదికి 15 వేలు, మేనేజిమెంట్ సీటుకి 12 లక్షలు, ఎన్నారై సీటుకి 36 లక్షలు. ఆ రేట్లు 2022-23 దాకా వర్తించాయి. తర్వాత చేరేవాళ్లు ఆ ఏటి ఉత్తర్వు చూసుకోవాలి.

మళ్లీ మిర్చిలోకే వద్దాం. 12 లక్షలంటే అదే ధరకి 102 క్వింటాళ్లు, అదీ ఒక్క ఏడాదికి. కోర్సు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్. నాలుగున్నరతో గుణిస్తే 54 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, భోజనం వేరే! ఎకరం అమ్మితే మొదటి ఏడు గట్టెక్కొచ్చు, మరి రెండో ఏడు? "మూడూ అమ్మినా చాలదన్నమాట" అంది వదిన నిదానంగా. వాకిట్లో పీటమీద కూచున్న ఆయన అప్పటిదాకా వినబడనట్టున్నవాడు, అప్పుడు తలెత్తాడు.

ప్రభుత్వ కాలేజీల్లోనూ ఇప్పుడు డబ్బు సీట్లొచ్చాయి. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్త కాలేజీలు తెరిచినప్పుడు, కొంత భాగం సీట్లని 12 లక్షలకీ 20 లక్షలకీ పెట్టారు. సర్కారు కాలేజీలో ఇదేం చోద్యమని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. మన పల్నాడులో పిడుగురాళ్లకూ కాలేజీ మంజూరై 2021లో శంకుస్థాపన జరిగింది. 2024 దాకా తరగతులైతే మొదలవలేదు. ఈపూరు పిల్లకి దగ్గరున్న పాత ప్రభుత్వ కాలేజీ 1946లో పెట్టిన గుంటూరు మెడికల్ కాలేజీయే. మంగళగిరిలో 2018 నుంచి ఎయిమ్స్ ఉంది, అక్కడ చదువు ఫీజు నామమాత్రమే. కాకపోతే ఆ సీట్లకి దేశమంతా పోటీ. తిరుపతిలో అచ్చంగా ఆడపిల్లల కోసమే 2014లో పెట్టిన శ్రీ పద్మావతి మెడికల్ కాలేజీని కూడా ఆప్షన్లలో మర్చిపోవద్దు. ఇంకో మాట. మన రాష్ట్రంలో కన్వీనర్ సీట్లలో ప్రతి కేటగిరీలోనూ మూడోవంతు ఆడపిల్లలకి. పోటీ పడి ఓపెన్‌లో తెచ్చుకునేవి కాక ఇది కనీస హక్కు.

ఇక ఆ ఏజెంటు గారి సంగతి. మేనేజిమెంటు సీటైనా ఎన్నారై సీటైనా ఇప్పుడు నీట్ ర్యాంకును బట్టి విశ్వవిద్యాలయం కౌన్సిలింగ్‌లోనే నిండాలి. దానికీ దరఖాస్తు ఉంది, రుసుం ఉంది, 2023లో 10,620 రూపాయలు. వరస ప్రకారం వచ్చే సీటుని మధ్యలో ఇప్పించేందుకు ఈయనెవరు? అయిదు లక్షలు దేనికి? మా బంధువుల్లోనే ఒకరు ఇలా ఇచ్చి, రసీదు లేక, అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నారు. ఊరు పేరు చెప్పనులెండి.

అప్పు చేయాలనుకున్నా బ్యాంకు దారి వేరు, వడ్డీ వ్యాపారి దారి వేరు. నాలుగు లక్షల దాకా విద్యారుణానికి తాకట్టు అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది. ఆపైన ఆస్తి కాగితం అడుగుతారు. 54 లక్షల అప్పు నెత్తినపెట్టుకున్న పిల్ల పాతికేళ్లకి బయటికొచ్చి పీజీ చదువుతుందా, వాయిదాలు కడుతుందా, పెళ్లి మాటలు వింటుందా? ఇదీ ముందే మాట్లాడుకోవాల్సిన లెక్కే.

ట్రంకుపెట్టెలో ఏముంది?

నన్నడిగితే డబ్బుకంటే కాగితాల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఎందుకంటే సీట్లలో 85 శాతం లోకల్. గుంటూరు, పల్నాడు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికొస్తాయి. నెల్లూరు, రాయలసీమ ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. పరీక్ష పాసయ్యేనాటికి వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్ అన్నది మూలసూత్రం. మంచి కాలేజీ అని తొమ్మిది నుంచే పిల్లని హైదరాబాదు పంపేవాళ్లు ఈ ముక్క ముందే ఆలోచించుకోవాలి.

కుల ధృవీకరణలోనూ ఓ మెలిక ఉంది. మండలాఫీసులో ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర కౌన్సిలింగ్‌కి పనికొస్తుంది. నీట్‌కీ, అఖిల భారత కోటాకీ కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్ కాదని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. మన కులం కేంద్రం జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఓసీలలో పేదల సర్టిఫికెట్‌కి కేంద్రం లెక్కలో ఆదాయం ఎనిమిది లక్షలలోపు ఉండటమే కాదు, అయిదెకరాలు గానీ అంతకుమించి గానీ పొలం ఉండకూడదు. ఆదాయ సర్టిఫికెట్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి తప్పదు. ఇవన్నీ ఫలితాలొచ్చాక మొదలుపెడితే తహశీల్దారు సెలవులో ఉంటాడు, సర్వరు పనిచేయదు, గడువు మాత్రం ఆగదు. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో పిల్ల ఇంటర్ మొదటి ఏడులో ఉండగానే చూసుకోండి.

పరీక్ష రోజు సంగతులు కూడా చిన్నవి కావు. నిండు చేతుల జాకెట్టు, బూట్లు, నగలు వద్దంటారు. చెప్పులతో వెళ్లాలి. ముక్కుపుడక ఊడక గేటు దగ్గర ఏడ్చిన పిల్లల్ని చూశాం. ముందురోజే తీసిపెట్టండి.

"ఇంకో ఏడు లాంగ్‌టర్మ్ కూచోపెట్టనా?" అనడిగింది వదిన చివర్లో. ఆ మాట పిల్లనడగాలిగానీ నన్ను కాదన్నాను. కోచింగు, హాస్టలు కలిపితే అదీ లక్షల్లో పనే. 280 నుంచి ఎక్కడిదాకా పోగలదో దానికే తెలియాలి. అమ్మాయి కాసేపు గోరు కొరుక్కుని, "ఫిజిక్స్‌లోనే పోయాయి అత్తా. ఒక్క ఏడు చూస్తా. ఈసారి కూడా రాకపోతే నర్సింగుకో హోమియోకో వెళ్తా, పొలం మాత్రం అమ్మొద్దు" అంది. వాళ్ల నాన్న లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. కోపమో, ఇంకేమిటో తెలియలేదు. బేరం మాత్రం మళ్లీ ఎత్తలేదు.

రాత్రి ట్రంకుపెట్టె దించి కాగితాలన్నీ చాపమీద పరిచాం. టెన్త్ మెమో ఉంది, కులం సర్టిఫికెట్ ఉంది. ఆరు, ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు లేవు. మధ్యలో ఏజెంటు మళ్లీ ఫోను చేస్తే వదినే ఎత్తింది. "కట్టాల్సొస్తే యూనివర్సిటీకే కట్టుకుంటాంలే బాబూ" అని పెట్టేసింది. తెల్లారి నేను బస్సెక్కేసరికి ఆవిడ జడ కూడా సరిగా వేసుకోకుండా హైస్కూలు వైపు పోతోంది, హెడ్మాస్టరు రాకముందే అక్కడుండాలని.