ఏడు స్వరములు, అయిదు వ్రేళ్లు

హార్మోనియము ముందు తొలిసారి కూర్చుండిన బాలునకు వెంటనే యొక చిక్కు ఎదురగును. స్వరములు ఏడు, పై షడ్జముతో గూడ ఎనిమిది. చేతికి వ్రేళ్లు అయిదే. స, రి, గ, మ, ప అని బొటనవ్రేలు మొదలు చిటికెనవ్రేలి వఱకు వరుసగా నొక్కుసరికి వ్రేళ్లన్నియు ముగియును. ధైవత నిషాదములు మిగిలిపోవును. అప్పుడు బాలుడు చేయిని పైకెత్తి, కుడివైపునకు జరిపి, చూపుడువ్రేలితోనో నడిమివ్రేలితోనో తక్కిన మెట్లను పొడుచును. కొందఱు మొదటినుండియు ఆ రెండు వ్రేళ్లతోడనే కాలము గడుపుదురు. మొదటి కాలములో ఈ లోపము చెవికి తెలియదు. సరళీస్వరములను రెండవ కాలమున, మూడవ కాలమున వాయింపబోయినప్పుడు, చేయి ఎగిరిన చోటనెల్ల నాదము తెగును, లయ కుంటువడును. అప్పటికి ఆ యలవాటు చేతిలో నాటుకొని యుండును. దానిని మాన్పించుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము.

దీనికి పరిష్కారము చిన్న లెక్కలో నున్నది. ఏడును మూడుగను, నాలుగుగను విభజింపవలయును. పుస్తకములలో బొటనవ్రేలిని 1 అనియు, చూపుడువ్రేలిని 2 అనియు, ఇట్లే చిటికెనవ్రేలిని 5 అనియు గుర్తింతురు. కుడిచేతితో స, రి, గ లను 1, 2, 3 వ్రేళ్లతో వాయించి, బొటనవ్రేలిని అఱచేతి క్రిందుగా జరిపి మధ్యమముపై నుంచవలయును. అటుపిమ్మట మ, ప, ద, ని లకు 1, 2, 3, 4 వ్రేళ్లు సరిపోవును. పై షడ్జముతో ఆపదలచినచో అచట 5వ వ్రేలు. ఇంకను పై స్థాయికి పోవలయునన్నచో అచట మరల బొటనవ్రేలు. అవరోహణమున ఇదే వరుస తిరుగబడును: మధ్యమముపై నున్న బొటనవ్రేలి మీదుగా నడిమివ్రేలు దాటి గాంధారముపై వ్రాలును.

కర్ణాటక సంగీతమున తొలి పాఠములను మాయామాళవగౌళ రాగములో చెప్పుదురు. ఈ పద్ధతిని ఏర్పఱచినవాడు పురందరదాసు అని సంప్రదాయము. పాశ్చాత్యులు తమ పిల్లలకు తొలుత నేర్పు సి మేజరు శ్రేణి మన శంకరాభరణమునకు సరిపోవును. హార్మోనియముపై సి అను తెల్లమెట్టును షడ్జముగా గ్రహించినచో, శంకరాభరణమునకు అన్నియు తెల్లమెట్లే. మాయామాళవగౌళలో రిషభ ధైవతములు నల్లమెట్లపై పడును. అయినను వ్రేళ్ల వరుస రెండింటికిని ఒక్కటియే. కావున ఇంటిలో సంగీతపాఠము, బడిలో పాశ్చాత్య వాద్యము నేర్చు విద్యార్థికి ఇచట రెండు విద్యలు నేర్వవలసిన పని లేదు.

బొటనవ్రేలు అఱచేతి క్రిందికి పోవు ఆ యొక్క క్షణముననే ఈ విద్య యంతయు నిలిచియున్నది. తొలినాళ్లలో అందఱును గాంధారము వాయించిన పిమ్మట బొటనవ్రేలిని వెదకుకొందురు. అది ఆలస్యము. చూపుడువ్రేలు రిషభమును నొక్కునప్పుడే బొటనవ్రేలు ప్రయాణము సాగింపవలయును. గాంధారము మ్రోగుచుండగా అది మధ్యమముపై సిద్ధముగా నుండవలయును. మోచేయి పైకి లేవరాదు. మణికట్టు మెలిక తిరుగరాదు. బొటనవ్రేలు దాని ప్రక్కభాగముతో, గోటి అంచు దగ్గఱ, మెట్టును తాకును. గోళ్లు పెరిగియున్నచో ఇదేమియు సాగదు. శ్రేణి మొత్తము పదిమారులు వాయించుటకంటె, గ-మ, గ-మ అని ఆ రెండు స్వరములనే నిదానముగా ఇరువదిమారులు వాయించుట మేలని నా యభిప్రాయము.

ఉంగరపువ్రేలి విషయ మొకటి చెప్పవలసియున్నది. అఱచేతిని బల్లపై నుంచి, నడిమివ్రేలిని లోనికి మడిచి, ఉంగరపువ్రేలిని పైకెత్తి చూడుడు. అది దాదాపు కదలదు. చేతి వెనుకభాగమున వ్రేళ్లను లేపు త్రాళ్లవంటి బంధనములు గలవు. ఉంగరపువ్రేలి బంధనమును ఇరుప్రక్కలవాటితో చిన్న పట్టీలు కలుపుచున్నవి. అందుచే దానికి స్వాతంత్ర్యము తక్కువ. మూడు, నాలుగు అను విభాగములో ఈ వ్రేలికి స్థాయికి ఒక్కసారియే పని తగులును. అది ఏ మెట్టుపై పడునో తెలిసినచో తక్కిన వరుస తనంత తానే అమరును. ఈ సంగతి ముందు ఉపయోగపడును.

ఇంత సహజముగా దోచు ఈ పద్ధతి అన్ని కాలములందును లేదు. ఐరోపాలో పూర్వులు బొటనవ్రేలిని అంతగా వాడలేదు. జర్మను వాగ్గేయకారుడగు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1720లో తన తొమ్మిదేండ్ల పెద్ద కుమారునకై యొక అభ్యాసపుస్తకము వ్రాయ మొదలుపెట్టెను. అందలి తొలి పాఠములలో నొకదానిపై వ్రేళ్ల అంకెలు వేసియున్నవి. అందు కుడిచేయి 3, 4, 3, 4 అని నడిమి, ఉంగరపు వ్రేళ్లను ఒకదానిపై నొకటి దాటించుచు పైకేగును. ఆయన మఱియొక కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ 1753లో బెర్లినులో ప్రకటించిన గ్రంథమున బొటనవ్రేలికి ప్రాధాన్యమిచ్చి, దానిని క్రిందుగా జరుపు విధమును విపులముగా బోధించెను. తన తండ్రి బాల్యమున గొప్ప వాదకులు సైతము దూరపు మెట్లను అందుకొనవలసినప్పుడు తప్ప బొటనవ్రేలిని వాడెడివారు కారని తండ్రియే చెప్పినట్లు అందు వ్రాసియున్నాడు.

ఇక మన బడులలో నిజముగా చిక్కు కలుగు చోటు ప్రార్థనాగీతము. దక్షిణాదిని శ్రుతులను అంకెలతో చెప్పుట వాడుక. సి మెట్టు 1. అచటినుండి తెల్లమెట్లు వరుసగా 7 వఱకు. నడుమనున్న నల్లమెట్లు 1½, 2½, 4½, 5½, 6½. స్త్రీలు, బాలికలు సామాన్యముగా 5, 5½ శ్రుతులలోను, పురుషులు 1, 1½ శ్రుతులలోను పాడుదురు. 1 శ్రుతిలో మాత్రమే నేర్చిన విద్యార్థి, పాడు బాలిక 5½ అనగానే నిశ్చేష్టుడగును. అప్పుడు గాయని తన గొంతును వాద్యమునకు లొంగించుకొని ఇబ్బందిపడును. ఇది న్యాయము కాదు. వాద్యమే గొంతును అనుసరింపవలయును.

వ్రేళ్ల వరుసను నిర్ణయించునది స్వరముల పేరు కాదు, నల్లమెట్ల స్థానము. బొటనవ్రేలు పొట్టిది, దానిని నల్లమెట్టుపైకి నెట్టినచో చేయి యంతయు ముందుకు తూలును. అందుచే దానిని తెల్లమెట్లకు విడిచి, నల్లమెట్లను పొడవైన వ్రేళ్లకు ఒప్పగింతురు. ఉదాహరణమునకు 4 శ్రుతిలో శంకరాభరణమును గొనుడు. అందు మధ్యమము 6½ అను నల్లమెట్టు. పాత వరుసయే పట్టినచో బొటనవ్రేలు దానిపై పడును. కావున ఇచట నాలుగు ముందు, మూడు పిమ్మట: స రి గ మ లకు 1, 2, 3, 4; ప ద ని లకు 1, 2, 3.

శంకరాభరణమును పండ్రెండు శ్రుతులలోను వాయించుటకు కుడిచేతికి ఇంతకంటె సులభమైన గుర్తు నేనెఱుగను. 1, 2, 3, 5, 6, 7 శ్రుతులలో ఉంగరపువ్రేలు నిషాదముపై పడును. వరుస మొదట చెప్పినదే. 4 శ్రుతిలోను, నల్లమెట్ల శ్రుతులు అయిదింటిలోను, షడ్జము ఎచటనున్నను ఉంగరపువ్రేలు 6½ మెట్టుపైననే పడును. 5½ శ్రుతిలో అది రిషభము. కావున స రి లకు 3, 4, గ మ ప లకు 1, 2, 3, ద ని లకు 1, 2. 1½ శ్రుతిలో అది ధైవతము. కావున 2, 3, పిదప 1, 2, 3, 4, నిషాదమునకు 1. ఇతర రాగములలో నల్లమెట్లు మాఱును గనుక వరుసను తెల్లమెట్లు చూచి కట్టుకొనవలయును.

నల్లమెట్లనగానే విద్యార్థులు జంకుదురు. పోలండు దేశీయుడగు షోపే, 19వ శతాబ్దపు పియానో విద్వాంసులలో నగ్రగణ్యుడు, శిష్యులకు మొదట 7 శ్రుతి శ్రేణినే నేర్పెడివాడు. పొడవైన వ్రేళ్లు ఎత్తైన నల్లమెట్లపై సహజముగా వ్రాలుననియు, ఆధారమేమియు లేని సి శ్రేణి చదువుటకు సులభమైనను చేతికి మిక్కిలి కష్టమనియు ఆయన భావము. నేటి ఎలక్ట్రానిక్ కీబోర్డులలో శ్రుతిని మార్చు మీట యుండును. దానితో 1 శ్రుతి వరుసనే ఏ శ్రుతిలోనైన వాయింపవచ్చును. సభలో అక్కఱకు వచ్చు సాధనమే, కాని సామాన్యమైన హార్మోనియమునకు అట్టి మీట లేదు.

హార్మోనియములో ఎడమచేయి తిత్తి ఊదుచుండును గనుక భారమంతయు కుడిచేతిదే. కీబోర్డు, పియానో నేర్చువారు ఎడమచేతికిని వరుస నేర్పవలయును. 1 శ్రుతిలో ఆరోహణమునకు 5, 4, 3, 2, 1, అనగా పంచమముపై బొటనవ్రేలు; పిదప నడిమివ్రేలు దాని మీదుగా దాటి 3, 2, 1. కుడిచేతి బొటనవ్రేలు మధ్యమమున, ఎడమచేతిది పంచమమున మలుగుటచే రెండు చేతులు ఒకేసారి ఒకే దిక్కునకు పోవునప్పుడు తొలుత తికమక కలుగును. కొన్ని వారములు చేతులను వేఱువేఱుగా సాధించి, పిమ్మట రెండు బొటనవ్రేళ్లను ఒకే షడ్జముపై నుంచి కుడిచేతిని పైకి, ఎడమచేతిని క్రిందికి నడుపుడు. అప్పుడు రెండు బొటనవ్రేళ్లును ఒకే క్షణమున మలుగును.