స్ట్రెప్టోమైసిన్ గురిపెట్టిన యంత్రం

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచే నాటికి, దాని తొలి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ చేతిలో క్షయక్రిమిని చంపే మందంటూ ఏదీ లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, వైద్యమంతా ఇదే. మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు 1948లో మదనపల్లెలోనే మొదలయ్యాయి. దానికి ఐదేళ్ల ముందే అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్‌కు స్ట్రెప్టోమైసిన్ దొరికింది. ఆ మందు క్రిమిని చంపి రోగిని బతకనిచ్చింది. క్రిమిలోనూ మనలోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఉన్నా, రెండింటి కట్టుబడి ఒకటి కాకపోవడమే అందుకు కారణం.

మన రైబోజోమ్‌లో నాలుగు ఆర్‌ఎన్‌ఏ పోగులు, 80 ప్రొటీన్లు ఉంటాయి. క్రిమి రైబోజోమ్ ఇంతకంటే చిన్నది. మనది పుట్టే తీరు నాకు ఎప్పుడూ అబ్బురమే. దాని ప్రొటీన్లను కేంద్రకం బయట, అప్పటికే పనిచేస్తున్న పాత రైబోజోములు తయారుచేస్తాయి. ధనావేశం ఎక్కువగా ఉండటంతో అవి దొరికిన ఆర్‌ఎన్‌ఏకల్లా అతుక్కుపోతాయి. అందుకే ఇంపోర్టిన్లనే తోడు ప్రొటీన్లు వాటిని కప్పి పట్టుకుని, కేంద్రక రంధ్రాల గుండా లోపలికి చేరుస్తాయి. అక్కడ కేంద్రకాంశంలో ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు ఇంకా తయారవుతూ ఉండగానే ప్రొటీన్లు దానిమీద ఒక వరుసలో కూర్చుంటాయి. ముందుది కుదిరితేనే తర్వాతిదానికి చోటు. 200కు పైగా సహాయక ప్రొటీన్లు ఆర్‌ఎన్‌ఏను మడిచి, కోసి, సరిచూసి తప్పుకుంటాయి. ప్రయోగశాలల్లో పెంచే హీలా కణం నిమిషానికి దాదాపు 7,500 రైబోజోమ్ ఉపభాగాలు కడుతుందని అంచనా. జత దొరకని ప్రొటీన్లను కణం విరగ్గొట్టేస్తుంది.

రైబోజోమ్‌లోని రెండు భాగాలు, చిన్న ఉపభాగం, పెద్ద ఉపభాగం, కేంద్రకం నుంచి విడివిడిగా బయటికొస్తాయి. చిన్నదానికి ఇంకో పని మిగిలే ఉంటుంది. నాబ్1 అనే ఎంజైమ్ దాని ఆర్‌ఎన్‌ఏ కొసను కత్తిరించాలి. ఆ తర్వాతే అది సందేశ ఆర్‌ఎన్‌ఏను చదవగలదు. ఇన్ని మెట్లలో ఎక్కడ తేడా వచ్చినా మనిషికి జబ్బు రావచ్చు. చిన్న ఉపభాగంలోని ఆర్‌పీఎస్19 అనే ఒక్క ప్రొటీన్ కొరవడితే, పసిపిల్లల్లో ఎర్రరక్తకణాలు తయారుకాని డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనత వస్తుందని 1999లో తేలింది.

ఇక మందు సంగతికొస్తే, స్ట్రెప్టోమైసిన్ క్రిమి రైబోజోమ్ చిన్న ఉపభాగంలో, సందేశాన్ని చదివే చోట ఇరుక్కుంటుంది. దాంతో క్రిమి తప్పుగా చదివి, తప్పుడు ప్రొటీన్లు చేసుకుంటుంది. చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ బృందం 2000లో ఆ చోటును అణువుల స్థాయిలో చూపించింది. మన రైబోజోమ్‌లో అదే చోట కొన్ని ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు వేరు కావడంతో మందుకు అంత పట్టు దొరకదు.

అయితే మన కణాల్లో మైటోకాండ్రియాకు సొంత రైబోజోములున్నాయి, వాటికి బ్యాక్టీరియా పోలిక ఉంది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ అక్షరం మారినవారిలో ఆ పోలిక ఇంకా దగ్గరవుతుంది. అలాంటివారికి స్ట్రెప్టోమైసిన్ కోవ ఇంజెక్షన్లు వేస్తే వినికిడి పోవచ్చు, పోయింది తిరిగి రాదు. కాబట్టి సూది వేయించుకునే ముందు, అమ్మ తరఫు వాళ్లలో ఎవరికైనా ఇలాంటి మందుతో చెవుడు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.